చెక్క పలకల గోడకు ఇన్సులేషన్: నిమ్ము పట్టకుండా ఎలా వేయాలి

మిద్దె మీదో, ఇంటి పక్క వరండా స్థలంలోనో ఒక గది లేపి, బయట చెక్క పలకలు కొట్టించి, లోపల ఏసీ పెట్టుకోవాలనుకునే వాళ్లు ఇప్పుడు మా వైపు బాగానే కనిపిస్తున్నారు. ఇటుక బరువు మోయలేని పాత మిద్దెల మీద ఇనుప ఫ్రేమ్, చెక్క పలకలు తేలిగ్గా లేస్తాయి, చూడటానికీ బాగుంటాయి. మీరూ ఆ పనిలో ఉంటే గోడ మూసే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. తేమను ఆపే షీటు గోడకు ఏ వైపు ఉండాలి, గది వైపా, వీధి వైపా?

కావలిలో మా మిద్దె మీద గది వేసినప్పుడు నేను ఈ ప్రశ్నే వేసుకోలేదు. యూట్యూబ్‌లో ఒక వీడియో చూశాను. చాలా చక్కగా, ఓపిగ్గా చూపించాడాయన. ఫ్రేమ్ మధ్యలో దూది లాంటి రాక్‌వూల్ పెట్టాడు, గది వైపు మొత్తం పాలిథీన్ షీటు పరిచి టేపు వేశాడు, దాని మీద బోర్డు కొట్టాడు. మా మేస్త్రి చేత అచ్చం అలాగే చేయించాను. రెండో ఏడు ఆగస్టులో మా అమ్మ గదిలోకి వచ్చి, "తడి గోనెసంచి వాసన వస్తోంది కదరా" అంది. ఏసీ సర్వీసు చేయించాం, పరదాలు ఉతికించాం. వాసన పోలేదు. చివరికి కిటికీ కింద ఒక జిప్సం బోర్డు విప్పించాను.

అప్పటికి పది రోజులుగా చినుకు లేదు. అయినా పాలిథీన్ షీటు అవతలి ముఖం మీద, అంటే రాక్‌వూల్ వైపు, సన్నటి నీటి చుక్కలు చెమటకాయల్లా బారులు తీరి ఉన్నాయి. షీటును వేలితో తడితే చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి జారాయి. అడుగున పరిచిన చెక్క పట్టీ నల్లబడి ఉంది. మేకుతో గుచ్చితే నానిన అటుకుల్లోకి దిగినట్టు దిగిపోయింది. వీడియో తప్పు కాదు. అది చలి దేశంలో తీసిన వీడియో. నేను దాన్ని కావలిలో వేశాను.

ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టడం రోజూ చూసేదే. ఆ నీళ్లు సీసాలోంచి కారినవి కావు, చుట్టూ ఉన్న గాలిలోంచి వచ్చినవి. మన తీరంలో వర్షాకాలపు సాయంత్రం 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలికి సుమారు 26 డిగ్రీల చల్లదనం తగిలితే చాలు, అందులోని ఆవిరి నీళ్లుగా మారుతుంది. మీ గదిలో ఏసీ 24 మీద నడుస్తోంది. అంటే గది వైపున్న పాలిథీన్ కూడా దాదాపు 24 డిగ్రీలే. బయటి తేమ గాలి పలకల సందుల్లోంచి, రాక్‌వూల్‌లోంచి దూరి వచ్చి ఆ చల్లటి షీటుకు తగులుతుంది. అదే సీసా, అదే చెమట. చలి దేశంలో ఇది తిరగబడుతుంది. ఇంట్లో వెచ్చగా, బయట గడ్డ కట్టే చలిగా ఉంటుంది కాబట్టి వంటింటి ఆవిరీ స్నానాల ఆవిరీ లోపలి నుంచి బయటికి పోతాయి. అందుకని వాళ్లు షీటును లోపల వేస్తారు. ఎక్కడైనా సూత్రం ఒక్కటే: తేమను ఆపే పొర వేడిగా ఉండే వైపు ఉండాలి. మనకు వేడి వైపు అంటే వీధి వైపు.

గదికి ఏసీ లేదు, ఫ్యాను మాత్రమే అంటే మీకు ఈ చెమట బాధ దాదాపు ఉండదు. లోపలా బయటా ఒకే గాలి. మీరు వాన నీళ్లు, చెద, ఎండ చూసుకుంటే చాలు.

మొదట: ఉన్న తడి ఎక్కడిదో కనిపెట్టండి

కొత్త గదిని పాత గోడకు ఆనించి కడుతుంటే ముందు ఆ పాత గోడను పరీక్షించండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథీన్ ముక్కను గోడకు ఆనించి నాలుగు అంచులకూ టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. ముక్క వెనకాల, గోడ వైపు తడి చేరితే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. పైన, గది వైపు తడి చేరితే అది గాలిలో తేమ. గోడలోంచి వస్తుంటే బాత్‌రూమ్ పైపో, మిద్దె మీద నిలిచిన నీళ్లో, పునాది నుంచి పైకి ఎక్కే నిమ్మో చూసుకుని బాగు చేయించాకే తర్వాతి పని. తడి గోడను బోర్డుతో కప్పేస్తే కనపడకుండా పోతుంది, అంతే.

దీని కోసం చాలామంది పీవీసీ ప్యానెళ్లు కొట్టిస్తున్నారు. గోడ పెచ్చులూడితే మూడు గంటల్లో ప్యానెల్ వేసి పోతారు, మెరుస్తూ ఉంటుంది. ఏసీ గదిలో ఆ ప్యానెలే తప్పు వైపు వేసిన పాలిథీన్ అవుతుంది.

పని ఎప్పుడు పెట్టుకోవాలి

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఆ మూడు నెలల్లో గోడ మూసే పని పెట్టుకోవద్దు. ఫిబ్రవరి నుంచి మే వరకు మంచి కాలం. సంక్రాంతికి గృహప్రవేశం చేసేయాలన్న తొందరలో కార్తీక మాసంలో తడి పలకలు కొట్టిన ఇళ్లు నేను చూశాను. రోహిణి కార్తె వచ్చేసరికి పలకలు ఎండి, మెలి తిరిగి, మధ్యలో వేలు పట్టే సందులు వచ్చాయి.

చెక్క ఎండిందా లేదా అని మేస్త్రి మాట మీద పోవద్దు. తేమ మీటర్ ఉంటే 12 శాతం దరిదాపుల్లో ఉండాలి, 15 దాటితే వెనక్కి పంపండి. మీటర్ లేకపోతే ఒక పలక చివర నుంచి జానెడు ముక్క కోసి, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాలో తూయించి, బరువు ఆ ముక్క మీదే రాసి గాలి తగిలే నీడలో పెట్టండి. వారం తర్వాత మళ్లీ తూయండి. బరువు తగ్గుతూ ఉంటే చెక్క ఇంకా ఎండుతూ ఉన్నట్టే.

పలకలకు టేకు మంచిది, అదీ చేవ భాగం. అంచుల్లో తెల్లగా ఉండే చెక్కను చెద ముందు తింటుంది, వానకూ అదే ముందు పాడవుతుంది. పలకను తిప్పి రెండు అంచులూ చూసి తీసుకోండి. మా తీరం వెంట సరుగుడు తోటలు కావలసినన్ని ఉన్నాయి, చవక కూడా. పందిరికి, సెంట్రింగ్‌కు సరే, గోడ పలకలకు వద్దు.

అడుగు భాగం

పలకల కింది అంచు నేలకు గానీ, మిద్దె తలానికి గానీ కనీసం 8 అంగుళాల ఎత్తులో ఉండాలి. చోటు ఉంటే ఒక అడుగు ఎత్తు పెట్టండి. వాన నీళ్లు నేలను కొట్టి పైకి చిమ్ముతాయి, ఆ చిమ్ముడే పలకల అడుగును కుళ్లబెడుతుంది. ఈ ఎత్తు కోసం సిమెంటు దిమ్మె కట్టి, దాని ముఖానికి గ్రానైట్ ముక్కలు అతికిస్తే బాగుంటుంది. ఒంగోలు వైపు వాళ్లకు చీమకుర్తి ఫ్యాక్టరీల్లో మిగిలిన ముక్కలు దొరుకుతాయి.

దిమ్మె మీద నేరుగా చెక్క పట్టీ పరిచారంటే నిమ్ము కిందినుంచి పైకి పీలుస్తుంది. మధ్యలో ఒక అడ్డు పొర కావాలి. తారు ఫెల్ట్ వేయొచ్చు. నాకైతే మార్కాపురం పలకలు నచ్చాయి. బళ్లో అ ఆలు దిద్దిన పలకల రాయే అది. నీళ్లు దాదాపు పీల్చదు. సిమెంటు పాలలో ఒక వరస పరిచి, దాని మీద రెండో వరసను కింది అతుకులు మూసేలా జరిపి పరవండి. ఇంగ్లాండులో పాత ఇటుక ఇళ్లకు నేల నిమ్ము ఎక్కకుండా ఇదే పద్ధతిలో స్లేటు రాయి పరిచేవాళ్లు. మనకు రాయి పక్క ఊళ్లోనే ఉంది, వాడుక మాత్రం తక్కువ.

నేల మీద కట్టే గది అయితే దిమ్మె కట్టక ముందే చెద మందు కొట్టించండి. మిద్దె మీద గదికి చెద రాదనుకోవద్దు. ఇంటి మూల వెంట మట్టి గీత పెట్టుకుంటూ మొదటి అంతస్తుకు వచ్చిన చెదను మా పక్కింటి బాబాయ్ చూపించాడు.

గోడ పొరలు, వీధి నుంచి గదిలోకి

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా, కాబట్టి నిదానంగా చదవండి. బయటి నుంచి లోపలికి వరస ఇది: చెక్క పలకలు, గాలి సందు, 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డు, 8 మి.మీ. సిమెంటు ఫైబర్ బోర్డు, ఫ్రేమ్, జిప్సం బోర్డు. పని జరిగేది మాత్రం మధ్యలోంచి మొదలై బయటికి.

ఫ్రేమ్ నిలబెట్టాక దాని బయటి ముఖానికి సిమెంటు ఫైబర్ బోర్డు స్క్రూ చేయించండి. అతుకుల్లో సీలెంట్ పెట్టించండి. దాని మీద ఎక్స్‌పీఎస్ బోర్డులు. నీలం రంగులోనో గులాబీ రంగులోనో వచ్చే గట్టి ఫోమ్ ఇది. తెల్లటి థర్మోకోల్ కాదు. థర్మోకోల్ గింజల మధ్య సందులుంటాయి కాబట్టి నీళ్లు కొంత దూరుతాయి. ఎక్స్‌పీఎస్‌లో ఆ సందులు ఉండవు. 50 మి.మీ. బోర్డు వేడిని ఆపే లెక్కలో మూడు, నాలుగు అడుగుల మందం ఇటుక గోడకు సమానం. పడమటి గోడకు ఎండాకాలంలో ఆ తేడా చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది.

బోర్డుల అతుకులు కింది సిమెంటు బోర్డు అతుకుల మీదికి రాకుండా జరిపి పెట్టండి. ప్రతి అతుకు మీదా అల్యూమినియం టేపు వేయాలి. టేపు వేసే ముందు పొడి గుడ్డతో దుమ్ము తుడవకపోతే నెల తిరక్కుండానే అది పొట్టులా లేచిపోతుంది. మా ఇంట్లో రెండోసారి చేయించినప్పుడు ఈ టేపు పని నేను దగ్గర నిలబడి చేయించాను. కుర్రాడు మూలలు వదిలేసి పోతుంటే ఆపాను. "అన్నా, ఆ మూలలో ఏం ఉంటుంది" అన్నాడు. ఉండేది ఆ మూలలోనే. చిన్న సందులోంచి దూరే గాలి, బోర్డు గుండా పాకే ఆవిరి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ నీళ్లు మోసుకొస్తుంది.

ఇప్పుడు ఈ ఫోమ్ పొర నీళ్లనూ ఆవిరినీ ఎండనూ వీధి వైపే ఆపేసింది. ఇనుప ఫ్రేమ్ మొత్తం చల్లటి వైపు ఉండిపోయింది, తేమ గాలి దాని దాకా రాదు. ఫ్రేమ్ మధ్య ఖాళీని వదిలేసినా ఫరవాలేదు. శబ్దం తగ్గాలంటే రాక్‌వూల్ పెట్టుకోండి.

మీ బడ్జెట్‌కు రాక్‌వూల్ ఒక్కటే కుదురుతుందంటే, ఒక ముఖానికి అల్యూమినియం రేకు అతికించి వచ్చేది కొనండి. రేకు ముఖం వీధి వైపు ఉండాలి. అతుకులకు టేపు తప్పదు. లోపల మెరుపు కనిపించాలని మేస్త్రులు రేకును గది వైపు తిప్పుతారు, అక్కడ ఉండి చూసుకోండి. బుడగల రేకు షీటు అమ్మేవాళ్లు కూడా "లోపల కొట్టేయండి సార్, చల్లగా ఉంటుంది" అంటారు. అదీ గది వైపు ఆవిరిని ఆపే షీటే.

ఇక గాలి సందు. ఫోమ్ మీద నిలువుగా 25 మి.మీ. రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు, కొట్టి, వాటి మీద పలకలు అడ్డంగా వేయించండి. రీపరు నుంచి ఫోమ్, బోర్డు దాటి ఫ్రేమ్‌లోకి దిగాలి కాబట్టి స్క్రూ 5 అంగుళాలది కావాలి. రీపర్లు నిలువుగానే ఎందుకంటే, ఎంత బాగా కొట్టినా పలకల సందుల్లోంచి కొంత వాన లోపలికి వస్తుంది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు గాలివాన ఎలా కొట్టిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అలా వచ్చిన నీళ్లు ఫోమ్ మీదుగా జారి అడుగున బయటికి పోవాలి, తర్వాత గాలి ఆడి పలక వెనక ఆరాలి. రీపరు అడ్డంగా ఉంటే దాని నెత్తిన నీళ్లు నిలుస్తాయి, గాలి ఆగిపోతుంది. పలకలు నిలువుగా కావాలంటే ముందు నిలువు రీపర్లు, వాటి మీద అడ్డ రీపర్లు, ఆ పైన పలకలు.

సందు అడుగునా, పైనా తెరిచే ఉండాలి. "పురుగూ పుట్రా దూరతాయి, మూసేద్దాం" అని మేస్త్రి అంటాడు. మూయొద్దు. స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ మడిచి పెట్టించండి, ఎలుక, కందిరీగ రాకుండా ఆగుతాయి, గాలి ఆడుతుంది.

పలకలకు ముందు వైపే కాదు, వెనక వైపు కూడా నూనె గానీ రంగు గానీ వేయాలి. పలకను గోడకు కొట్టేశాక వెనక వేయడం కుదరదు కాబట్టి కింద ఉన్నప్పుడే వేయండి. కోసిన చివరలకు రెండు పూతలు ఎక్కువ, ఎందుకంటే చెక్క నీళ్లు తాగేది ఎక్కువగా ఆ చివరల్లోంచే. పలకకూ పలకకూ మధ్య వానాకాలంలో ఉబ్బడానికి చోటు వదలండి.

మైపాడు, రామాయపట్నం, కొత్తపట్నం లాంటి సముద్రపు గట్టు ఊళ్లయితే మామూలు మేకులు వద్దే వద్దు. ఉప్పు గాలికి తుప్పు పట్టి, టేకులోని రసంతో కలిసి ప్రతి మేకు కిందా నల్లటి కన్నీటి చార దిగుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు, వీలైతే 316 రకం వాడండి.

కిటికీలు, పాత గోడ అతుకు

వాన ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి కొడుతుంది. తుపాను ముందు గాలి అటు నుంచే వస్తుంది. అందుకే ఆ వైపు కిటికీ పెడితే పైన రెండడుగుల సన్‌షేడ్ పెట్టించండి. కిటికీ పైఅంచున అల్యూమినియం రేకును ఫోమ్ వెనక నుంచి తెచ్చి పలకల ముందుకు వంచాలి. రేకు పై అంచు ఫోమ్ ముందు ఉంటే, జారే నీళ్లు దాని వెనకే దిగుతాయి. ఎప్పుడైనా పై పొర కింది పొర మీదికి రావాలి, ఇంటి పెంకులు పరిచినట్టు. కింది గడప బయటికి వాలుగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూడండి. దాని అడుగున ముందు అంచు దగ్గర సన్నటి గాడి తీయిస్తే నీళ్లు అక్కడ తెగి కింద పడతాయి, గోడ వెంట పాకవు.

కొత్త గోడ పాత ఇటుక గోడను కలిసే చోట సిమెంటు కూరితే సరిపోదు. రెండూ వేరువేరుగా కదులుతాయి, ఏడాదిలో చీలిక వస్తుంది. పాత గోడలో అంగుళం లోతు గాడి కోసి, అందులోకి రేకు అంచు దోపి, కదలికకు సాగే పాలీయురిథేన్ సీలెంట్ వేయించండి.

లోపలి వైపు, ఏసీ

గది వైపు పని తేలిక. జిప్సం బోర్డు, మామూలు ఎమల్షన్ రంగు. అంతకు మించి ఏమీ వద్దు. ఆయిల్ పెయింట్, ప్లాస్టిక్ వాల్‌పేపర్, లామినేట్ షీట్లు, పీవీసీ ప్యానెళ్లు వద్దు. పొరపాటున గోడలోకి కొంచెం తేమ వచ్చినా గది వైపు ఆరిపోయే దారి ఉండాలి. ఏసీ ఆ తేమను లాగి బయట పారేస్తుంది. జిప్సం బోర్డు వద్దంటే మాత్రం ఒప్పుకోకండి, ఫోమ్ అంటుకుంటే మండుతుంది. కరెంటు తీగలన్నీ పైపులోనే పోవాలి. వంటిల్లు ఆనుకుని ఉన్న గోడకైతే ఫోమ్ మాని రాక్‌వూల్ వేసుకోవడమే మంచిది, అది మండదు.

ఏసీ రాగి పైపు కోసం చేసే కన్నం గోడ మొత్తంలోకీ పెద్ద చిల్లు. ఏసీ బిగించే కుర్రాళ్లు డ్రిల్ పెట్టి మీ టేపు, ఫోమ్ అన్నీ చీల్చేసి, వెళ్తూ వెళ్తూ గుడ్డ ముక్క కుక్కి పోతారు. కన్నంలో పీవీసీ గొట్టం బయటికి వాలుగా దోపించి, చుట్టూ ఫోమ్ కొట్టించి, సీలెంట్ వేయించండి. ఏసీ నీళ్ల పైపు పలకల మీద కాకుండా దూరంగా, కింది దాకా దిగాలి. పలకల మీద రోజంతా చుక్కలు పడే చోట మొదట పచ్చటి పాకుడు, తర్వాత కుళ్లు.

ఏసీ పెద్దది కొంటే మంచిదనుకోవద్దు. చిన్న గదికి పెద్ద ఏసీ పెడితే పది నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగే సమయం దానికి ఉండదు. గది చల్లగా, జిడ్డుగా ఉంటుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలయ్యేలా వస్తున్నాయి. దాన్ని 18కి దించినప్పుడల్లా మీ గోడ లోపలి ముఖం ఇంకా చల్లబడి, చెమట పట్టే అవకాశం పెరుగుతుంది.

ఇప్పటికే తప్పుగా కట్టేసి ఉంటే

గది వైపు పాలిథీన్ ఉంటే జిప్సం బోర్డులు విప్పి, షీటు తీసేయండి. తడిసి కుంగిన రాక్‌వూల్‌ను ఎండబెట్టి మళ్లీ పెట్టాలని చూడకండి, పారేయండి. ఫ్యాన్లు పెట్టి రెండు, మూడు వారాలు గోడ తెరిచి ఉంచండి. మేకు దిగిన చెక్కను మార్చి, మిగిలినదానికి పురుగు మందు పూయించి, అప్పుడు మూయండి. పలకలను ఫ్రేమ్ మీదే నేరుగా కొట్టేసి గాలి సందు లేకపోతే, పలకలు విప్పి పైన చెప్పిన వరసలో మళ్లీ కట్టించాలి. డబ్బు అన్ని వైపులకూ సరిపోనప్పుడు తూర్పు, ఉత్తరం గోడలకు ముందు చేయించండి. మేం అలాగే చేశాం, దక్షిణం గోడ మరుసటి ఏడు చేశాం.

మూసేటప్పుడు కిటికీ కింద ఒక చోట జిప్సం బోర్డును అతికించకుండా నాలుగు స్క్రూలతో తలుపులా పెట్టించుకోండి. దాన్ని ఏడాదికి రెండుసార్లు విప్పండి, ఆగస్టులో ఒకసారి, డిసెంబరు వానలు ఆగాక ఒకసారి. టార్చి వేసి చూడండి, అడుగు పట్టీని మేకుతో గుచ్చండి, ముక్కు పెట్టి వాసన చూడండి. ఈ ఆగస్టులో మాది విప్పితే పట్టీ పొడిగా, గట్టిగా ఉంది, మేకు దిగలేదు. మూలలో మాత్రం రెండు బల్లి గుడ్లు ఉన్నాయి. అడుగు జాలీ ఒక చోట పట్టు వదిలిందని అప్పుడు తెలిసింది. దాన్ని ఇంకా కట్టాలి.